చెల్లెలి పలువరుస

ఆ పళ్ళాసుపత్రిలో ఆయన్ని అందరూ అచ్చులాయన అనేవారు. ముందు గదిలో డాక్టరమ్మ మెత్తటి ముద్దతో నోట్లోని పలువరుస గుర్తు తీసి పంపితే, వెనక గదిలో ఆయన అందులో ప్లాస్టరు పోసి, అదిరే బల్ల మీద పెట్టి గాలిబుడగలు పోగొట్టి, ముప్పావుగంట ఆరనిచ్చి, తెల్లటి పళ్ళను చెక్కుచెదరకుండా బయటికి తీసేవాడు. ముప్ఫయ్యేళ్ళుగా అదే పని. ఊళ్ళో సగం మందిని మొహం చూసి కాదు, పళ్ళు చూసి గుర్తుపడతానని వేళాకోళమాడేవాడు.

ఒక మధ్యాహ్నం ఆరిన అచ్చును విడదీసి, అలవాటుగా బొటనవేలితో అంచు తడిమాడు. వేలు ఆగిపోయింది. పై వరుసలో ఎడమ కోరపన్ను చోటు దొరక్క చిగురు మీదికెక్కి కూర్చుంది. దాని పక్కపన్ను లోపలికి మళ్ళింది. అవి ఆయన చెల్లెలి పళ్ళు. చెల్లెలు పోయి పదేళ్ళయింది.

చీటీ చూస్తే మేనకోడలి పేరుంది. పదహారేళ్ళ పిల్ల. మామయ్యకు చెప్పకుండానే తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది.

ఆయన కొత్తగా పనిలో చేరినప్పుడు చెల్లెలికి పద్నాలుగేళ్ళు. తండ్రి లేడు. ఇప్పటి డాక్టరమ్మ తండ్రి, పెద్ద డాక్టరు, పని నేర్పుతూ మొదటి అచ్చు ఆ పిల్ల పళ్ళతోనే పోయించాడు. "తీగలు కట్టేద్దామయ్యా, నీకు సగానికే చేస్తా" అన్నాడు. ఆ సగం డబ్బు ఆయన దగ్గర ఉంది, స్కూటరు కోసం దాచుకున్నది. చెల్లెలు గుమ్మం పట్టుకుని నిలబడి, "అన్నయ్యా, కట్టిస్తావా?" అనడిగింది. "పనికొచ్చేదేదన్నా అడగరాదూ!" అన్నాడు.

మళ్ళీ అడగలేదు. ఆ స్కూటరు వెనకే కూర్చుని కాలేజీకి వెళ్ళింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఆ కూతురికి ఆరేళ్ళు నిండాయో లేదో, ఎనిమిది రోజుల జ్వరంతో చెల్లెలు కన్నుమూసింది. పటం కట్టించడానికి ఫొటో వెతికితే, ఒక్కదాంట్లోనూ పెదవి విప్పలేదు.

ఆయన చేతులు తుడుచుకుని ముందు గదికి వెళ్ళేసరికి డాక్టరమ్మ ఖర్చులు చెబుతోంది. స్టీలు తీగలు, పంటిరంగు బిళ్ళలు, తీసి పెట్టుకునే అద్దంలాంటి ట్రేలు. ఆయన బావ బస్సు డ్రైవరు. అతని సంపాదనలో చూస్తే మొదటివి నాలుగు నెలల జీతం, రెండోవి ఆరు నెలలది, ట్రేలు ఏడాది జీతానికి పైమాటే.

"ఇంత పైకెక్కిన పన్నుని దించాలంటే ట్రేలతో కష్టం. స్టీలువే కట్టించండి. మూడో వంతు ముందివ్వండి, మిగతాది నెలనెలా తీగ బిగించడానికి వచ్చినప్పుడు కడుదురుగాని" అంది డాక్టరమ్మ.

"ఆలోచించుకుని వస్తామండీ" అని బావ లేవబోయాడు.

'డబ్బు నేనిస్తాను' అనడానికే అచ్చులాయన వచ్చాడు. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆ పళ్ళకేమైందిప్పుడు? లక్షణంగా ఉన్నాయిగా!"

డాక్టరమ్మ తెల్లబోయింది. ఆయన గిరుక్కున తిరిగి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి పిల్ల వచ్చి, బల్ల మీది అచ్చును చూస్తూ నిలబడింది.

"అమ్మవి కూడా ఇలాగే ఉండేవట కదా మామయ్యా?"

"ఊఁ."

"అద్దంలో చూసుకున్నప్పుడల్లా అమ్మే కనబడుతుంది. మొదట్లో బాగుండేది. ఇప్పుడు భయమేస్తోంది. ఎప్పుడో ఒకప్పుడు నాకు నేను కనబడాలి కదా?"

ఆయన మర్నాడు మూడో వంతు కట్టేశాడు. నెలనెలా కట్టేది కూడా తన జీతంలోంచి కోసుకోమన్నాడు.

చోటు కోసం ముందు రెండు పళ్ళు పీకారు. తర్వాత తీగలు కట్టారు. పని ఎలా సాగుతోందో చూడటానికి డాక్టరమ్మ అయిదారు నెలలకోసారి కొత్త గుర్తు తీసి పంపేది. ప్రతి అచ్చులోనూ చెల్లెలు కొంచెం తగ్గేది. మూడో అచ్చుకి కోరపన్ను సగం దిగింది. ఆ పూట గుమ్మం దగ్గర ఎవరో నిలబడినట్టనిపించింది. తల తిప్పలేదు. "కట్టించానమ్మా" అన్నాడు గోడకేసి చూస్తూ. అదిరే బల్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చేతిలో ప్లాస్టరు గట్టిపడిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

రెండేళ్ళ మీద రెండు నెలలకి తీగలు విప్పారు. పిల్ల అద్దం లాక్కుని పకపకా నవ్వింది. గదిలో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కళ్ళు మాత్రం ఆ నోట్లో దేన్నో వెతుకుతున్నాయి.

"పని అయిపోలేదు. రోజూ పడుకునేముందు పళ్ళు కదలకుండా తీగపట్టీ పెట్టుకోవాలి. మానేశావంటే పళ్ళు మెల్లగా పాతచోటికి వెళ్ళిపోతాయి" అంది డాక్టరమ్మ.

పాతచోటికి. ఆ పట్టీ చెయ్యాల్సింది అచ్చులాయనే. తీగ వంచుతుంటే ఒక ఆలోచన పాములా పాకింది. వెంట్రుకవాసి వదులుగా వంచితే చాలు. ఎవరికీ తెలియదు. ఏడాదో రెండేళ్ళో గడిస్తే...

ఉలిక్కిపడి ఆ తీగను చెత్తబుట్టలో పడేశాడు. కొత్త తీగ తీసుకుని, నాలుగుసార్లు సరిచూసి, బిర్రుగా కూర్చునేలా చేసి ఇచ్చాడు.

ఇప్పుడా పిల్ల మందుల దుకాణంలో పని చేస్తోంది. ఆదివారాలు మామయ్యని చూడటానికి వస్తుంది. రాగానే ఆయన అడిగే మొదటి మాట, "పట్టీ పెట్టుకుంటున్నావా?" అని. "పెట్టుకుంటున్నా మామయ్యా, ఎన్నిసార్లడుగుతావు!" అని విసుక్కుంటుంది. హమ్మయ్య అనుకుంటాడు. ఆ అనుకోవడంలో ఏదో ఒక మూల చిన్న నిరాశ కలుక్కుమంటుంది. దాన్ని ఎవరితోనూ చెప్పుకోలేడు.