తోటికోడలి కుళాయి

కుళ్లు అనే మాటకి నేనేమీ సిగ్గుపడను. ఆ ఏడాది మా తోటికోడల్ని చూస్తే నాకు కుళ్లుగానే ఉండేది. అదీ ఆమె చీరలు చూసో నగలు చూసో కాదు, ఆమె బాత్రూంలో కుళాయి చూసి.

హుకుంపేట నుంచి ఆటోలో పైకి వస్తే మా ఊరు. మా ఆయన, మరిది కలిసి పక్కపక్కనే రెండు స్లాబు ఇళ్లు కట్టుకున్నారు. పెరట్లో బావి ఒకటే. మోటార్లు రెండు, మేడ మీద ట్యాంకులు రెండు, మధ్యలో మోకాలెత్తు పిట్టగోడ. సామానంతా ఒకే కొట్లో కొన్నది, ఒకే మేస్త్రీ బిగించినది. అయినా ఆమె కుళాయి తిప్పితే నీళ్లు బకెట్లో దబదబా పడేవి. గోడకి ఇవతల నేను చెంబు పట్టుకుని, ఈ బకెట్టు ఎప్పటికి నిండుతుందిరా భగవంతుడా అని సన్నటి ధార కేసి చూస్తూ కూర్చునేదాన్ని. నాకు వినిపించాలనే తలుపు బార్లా తెరిచి నీళ్లు పట్టుకుంటోందని నా గట్టి నమ్మకం.

అదైనా ఓర్చుకునేదాన్నేమో. మా అత్త స్నానానికి అటు వెళ్లడం మొదలుపెట్టింది. స్నానమయ్యాక తల అక్కడే ఆరబెట్టుకునేది. తల ఆరేలోపు చోడి అంబలి అక్కడే తాగేది. సాయంత్రాలు కూడా వాళ్ల అరుగు మీదే కబుర్లు. నాకు అమ్మ చిన్నప్పుడే పోయింది. కొయ్యూరు వైపు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి నాకు జడ వేసింది ఆవిడ, జ్వరమొస్తే నుదురు పట్టింది ఆవిడ. అలాంటి మనిషిని ఒక కుళాయి చూపించి లాక్కుపోతుంటే ఎవరికి మండదు? ఇవాళ స్నానం, రేపు అన్నం, ఎల్లుండి ఆవిడ నులకమంచం కూడా గోడ దాటిపోతుందని నాకు బెంగ పట్టుకుంది.

"మీ కుళాయి కింద తానం అయ్యేసరికి పొద్దుగూకిపోద్దక్కా. అందుకే అత్తని రమ్మన్నాను" అంది తోటికోడలు ఒకరోజు నవ్వుతూ. ఆ నవ్వుకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక ఊరుకుంటే లాభం లేదని నేనే నడుం బిగించాను. ముందు మోటారు వేసి చూశాను. ట్యాంకు ఎప్పటిలాగే నిండి పొర్లింది. అంటే తప్పు బావిది కాదు, మోటారుది కాదు. కుళాయి మూతికి ఉన్న జల్లెడ విప్పితే ఇంత ఎర్రమట్టి రాలింది. సంబరపడి, కడిగి బిగించాను. ధార అంతకుముందు ఎంత ఉందో అంతే ఉంది. వంటింట్లో కుళాయి తిప్పాను, అదీ నీరసంగానే వస్తోంది. ఇంట్లో కుళాయిలన్నీ ఒకేలా నీరసించాయంటే రోగం కింద లేదు, ట్యాంకుకీ కుళాయిలకీ మధ్యలో ఎక్కడో ఉంది.

సంతరోజున వెళ్లి ప్లంబర్ని వెంటబెట్టుకొచ్చాను. పైపులో గాలి పట్టిందేమో అంటూ మేడెక్కాడు. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుకి ఉన్న వాల్వు మీద చెయ్యి వెయ్యగానే, "ఇది సగం పైన కట్టేసుందమ్మా. ఎవులు కట్టేసినారు?" అన్నాడు. పూర్తిగా తిప్పాడు. కింద మా కుళాయి దబదబలాడింది. ఆ చప్పుడు గోడ అవతలికి వినబడాలని నేనూ తలుపు బార్లా తెరిచాను.

అత్తని పిలిచి చూపించాను. "బాగానే ఉంది గుంటా" అంది కానీ మొహంలో సంతోషం లేదు. మర్నాడు మళ్లీ సన్నధార. మేడెక్కి చూస్తే వాల్వు మళ్లీ సగం కట్టేసి ఉంది. తిప్పి దిగాను. రెండ్రోజులు పోయాక మళ్లీ అదే కథ.

ఇంకేముంది, నాకు తెలిసిపోయింది. పొద్దున్నే బట్టలారెయ్యడానికి మేడెక్కేది తోటికోడలు. పిట్టగోడ దాటితే మా ట్యాంకు. మొహం మీదే అడిగేశాను.

"మా వాలు నువ్వే కట్టేత్తన్నావు కదూ?"

"నాకేటి పనక్కా? మీ ట్యాంకు నానెందుకు ముట్టుకుంతాను?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. దొంగేడుపు అనుకున్నాను. ఆ రోజు నుంచి మాటల్లేవు.

అవి మిరియాలు ఎండబెట్టే రోజులు. అత్త మేడ మీద పరదా పరిచి మిరియాలు ఆరబోసి, కావలి కూర్చునేది. ఒక పొద్దున ఆవిడకి టీ పట్టుకెళ్లాను. ఆఖరి మెట్టు మీద ఆగిపోయాను. అత్త మా ట్యాంకు పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులతో వాల్వు తిప్పుతోంది. అటు మేడ మీద తోటికోడలు కూడా తడిబట్ట చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

"ఏటి సేత్తన్నావత్తా?"

"కనబడతల్లేదేటి? తగ్గిత్తన్నాను. అంత జోరుగా పోతే నీరేటి మిగుల్తాది?" అంది, తిప్పడం ఆపకుండా.

ఆవిడ పుట్టిల్లు జి.మాడుగుల అవతల, కొండ మీద. అక్కడ రాతి సందులో అడ్డాకు గుచ్చి, ఆకు కొస నుంచి జారే ధార కింద బిందె పెట్టుకునేవారట. ఆకు పీకేసి ఊటని కెలికితే ఊట అలిగి పోతుందని పెద్దవాళ్లు తిట్టేవారట. మా వాల్వు ఆవిడకి ఆ అడ్డాకు.

"మరి ఆలింట్లో దబదబా పోసుకుంతన్నావు కదా?" అన్నాను.

"అది ఆల నీరు. పోతే పోద్ది, నాకేటి?"

"బావి ఒకటే కదత్తా."

"బావొకటే. ట్యాంకు మనది కాదు కదే. ఒకలింట్లో వాలు నానెలా ముడతాను? ఇది నా ఇల్లు గనక ముట్టినాను."

టీ గ్లాసు ఆవిడ పక్కన పెట్టాను. ఇన్నాళ్లూ నేను ఏ సన్నధారని చూసి ఏడ్చానో, అది ఆవిడ ఈ ఇంటికి కాస్తున్న కాపలా. గర్వంతో తోటికోడలి కేసి చూశాను. ఆమె మొహం మాడిపోయి ఉంది. ఆ మొహం నాకు బాగా తెలుసు, కొన్ని నెలలుగా అద్దంలో చూస్తున్నదే.

"అయితే మాది ఒకలిల్లా అత్తా?" అంది ఆమె. "మా వాలు కూడా నువ్వే తిప్పీ. ఎంత సన్నంగా తిప్పినా పర్లేదు."

అత్త లేచి, చేతులు చీరకి తుడుచుకుని, పిట్టగోడ మీదుగా ఒక కాలు అటు వేసింది. నా గుండె భగ్గుమంది.

"అత్తా, బేగి రా. వానొచ్చేలాగుంది, మిరియాలు ఎత్తాలి" అన్నాను.

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. అత్త ఒకసారి పైకి చూసింది, ఒకసారి నా మొహంలోకి చూసింది. "రేపొత్తాన్లేవే" అని తోటికోడలికి చెప్పి, కాలు వెనక్కి తీసుకుని, నా పక్కన కూర్చుని ఆరని మిరియాలు ఎత్తడం మొదలుపెట్టింది.