రేకు కాలువలో రేగు కంప

కరోనా తగ్గి హాస్టళ్లు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, రోహిణి కార్తెలో నన్ను నేలకొండపల్లి నుంచి భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్‌కు బదిలీ చేశారు. నా ఉద్యోగం కామాటీ. హాస్టల్‌కు వార్డెన్ పెద్ద. ఆమె కింద వంటమనిషి, కామాటీ, వాచ్‌మన్. ఊడ్వడం, నీళ్లు పట్టడం, కూరగాయలు తరగడం, స్టోరు గది చూసుకోవడం కామాటీ పనులు. పైకప్పు ఎవరి పనో ఎక్కడా రాసి లేదు. కాబట్టి దాన్ని ఎవరూ చూడరు. నేను చదివింది మూడో తరగతే గానీ కారే ఇళ్లలో చాలా ఏళ్లు కాపురం చేశాను. కొత్త చోటికి పోతే ముందు గోడల పైభాగం చూస్తాను.

స్టోరు గోడకు పైన గోధుమరంగు మరక ఉంది. వేలితో కొడితే లోపల డొల్లగా మోగింది. గచ్చు విడిపోయిందంటే పైనుంచి నీళ్లు దిగుతున్నట్టే.

ఆ భవనంలో వంటిల్లు, స్టోరు పెంకుల కప్పు కింద ఉండేవి. పిల్లల హాలుకు సిమెంటు రేకులు. రెండు కప్పుల వాలు కలిసే చోట ఒక రేకు కాలువ. సూరుకు కట్టిన కాలువ నిండితే నీళ్లు బయట పడతాయి, నష్టం లేదు. ఈ నడిమి కాలువ నిండితే నీళ్లకు వేరే దారి ఉండదు, గోడ మీదుగా లోపలికే దిగుతాయి. ఆ గోడ పక్కనే బియ్యం పేరుస్తారు. వానాకాలంలో వాగు పొంగితే లారీ రాదు. ఉన్న బియ్యం తడిస్తే పిల్లలకు అన్నం లేదు.

నిచ్చెన ఎక్కి చూశాను. కాలువ నిండా రేగు కంప. ఎవరో పనిగట్టుకుని పరిచినట్టు ఉంది.

పరిపించింది వంటమనిషి ఖాసీం బీ. మధిర వైపు మనిషి, చేయి తిరిగిన వంట, నోరు అంతకన్నా తిరిగింది. పక్కనున్న చింతచెట్టు మీది నుంచి కోతులు కాలువలోకి దూకి, దాని వెంట నడిచి, వంటింటి పొగ కిటికీలోంచి లోపలికి దిగేవట.

"కంప జోలికి పోకు అక్కా," అంది. "అది తీస్తే రేపటి సంది కోతే గంటె పట్టుకొని వండుతది. నువ్వు దానికే ఉల్లిగడ్డలు కోసియ్యి."

"కోతి వస్తే ఒక పూట కూర పోతది. నీళ్లు దిగితే పిల్లల నోటికాడి బియ్యం పోతయ్," అన్నాను.

"వచ్చి రెండ్రోజులు కాలే, మా గోడల మీద పెత్తనం ఏంది నీకు?"

"గోడలు నీయి కాదు, నాయి కాదు. తుడిచేది మాత్రం నేనే."

వార్డెన్ మేడంను అడిగాను. మరమ్మతు కావాలంటే ఇంజనీర్లకు రాయాలని, వాళ్లు వచ్చి అంచనా వేయాలని, మంజూరు అయ్యేసరికి వానాకాలం దాటుతుందని చెప్పారు. శుభ్రం చేసుకోవడానికి అభ్యంతరం లేదన్నారు. కానీ రేకుల మీద ఎవరూ కాలు పెట్టొద్దని గట్టిగా చెప్పారు. అది సరైన మాట. పాత సిమెంటు రేకు మనిషి బరువుకు పటుక్కున విరుగుతుంది.

అందుకని నిచ్చెన మీద నిలబడే పని చేశాం. వాచ్‌మన్ సోమయ్య మామిడికాయలు కోసే చిక్కంకర్రతో కంపను లాగాడు. దాని కింద టేకాకులు కుళ్లి నల్లటి పేడలా తయారయ్యాయి. అందులో ఒక రావి మొక్క కూడా లేచింది. ఆ బురదను కొబ్బరిచిప్పతో తీశాను. తాపీతో గీకితే జల్దీ అవుతుంది గానీ రేకు మీది పూత పోయి తుప్పు పడుతుంది. కొత్త రేకు ఎవరు కొనిస్తారు?

కాలువ తీశాక నీళ్లు పోసి చూడాలి. చాలామంది అది చేయరు. ఎత్తు వైపు నుంచి బిందెతో పోస్తే నీళ్లు సగం దాకా వచ్చి ఆగాయి. అక్కడ కాలువను మోసే ఇనుప పట్టీ విరిగి అది కుంగింది. కింద పెంకు ముక్కలు పేర్చి తీగతో బిగించాం. కిందికి దిగే పైపులోకి తాడుకు గుడ్డమూట కట్టి వదిలి లాగితే ఒక పాత పక్షిగూడు బయటపడింది. మళ్లీ పోస్తే నీళ్లు ఆగకుండా పోయాయి. అతుకుల మీద తారు పూసిన గోనెపట్టా అంటించాం.

మర్నాడు బియ్యం వచ్చింది. మూటలను చెక్కల మీద, గోడకు మూరెడు దూరంలో పేర్పించాను. అదే రోజు కోతులూ వచ్చాయి. శుభ్రమైన కాలువ వెంట దర్జాగా నడిచి వచ్చి, టమాటాల గంప ఖాళీ చేసి, పప్పు గిన్నె బోర్లించి పోయాయి.

"చూసినవా నీ చుట్టాలను?" అంది ఖాసీం బీ. 

వేసవి సెలవులు అయిపోయి పిల్లలు వచ్చిన వారానికి ఒక మధ్యాహ్నం వాన మొదలైంది. స్టోరులోకి వెళ్తే గోడ మీద తడి చార కిందికి జారుతోంది. నీళ్లు పోసి చూసిన కాలువ ఎందుకు నిండుతుంది? బయటికి వచ్చి తలెత్తితే రెండు కప్పుల మధ్య కంప కొమ్మలు కనిపించాయి. నేను చూడకుండా ఖాసీం బీ మళ్లీ పరిపించింది. రాలిన ఆకంతా దానికి తట్టుకుని ఆగింది.

కేకలు వేసే టైం కాదది. చిక్కంకర్ర తీసుకుని నిచ్చెన ఎక్కాను. సోమయ్య స్టోరులో మూటలు జరుపుతున్నాడు. కింద నిచ్చెన కదలకుండా ఎవరో పట్టుకున్నారు. చూస్తే ఖాసీం బీ.

"ముసల్దానివి, దిగు, నేను తీస్త," అంది.

"పట్టుకో. వదిలితే నీ మీదనే పడత."

"పడు. నీ బరువెంత, ఎండు మిరపకాయంత."

కంప ఊడింది. గలగలమని నీళ్లు పైపులోకి దిగాయి. లోపల గోడవైపు వరసలో రెండు మూటలు పైన తడిశాయి. మిగతా బియ్యం దక్కింది. తడిసినవి హాల్లో ఫ్యాన్ల కింద ఆరబోసి ముందు వండేశాం.

"ఇగ కోతుల సంగతి నువ్వే చూడు," అంది ఖాసీం బీ.

చూశాను. షెడ్డులో విరిగిన ఇనుప మంచాలు పడి ఉన్నాయి. పనికిరావని రాసేసిన సామానైనా అనుమతి లేకుండా ముట్టకూడదు. మేడం తన పూచీ మీద ఒప్పుకున్నారు. ఆ మంచాల జాలీ కోసి పొగ కిటికీకి బిగించాం. పొగ పోతుంది, కోతి రాదు. కంప పోయి చింతచెట్టు మొదట్లో, పైపు చుట్టూ చేరింది. ఖాసీం బీ జాలీని రెండు చేతులతో గుంజి చూసి, "గిది మొదలే చేస్తే నా టమాటలు బతికేటివి కదా," అంది.  ఆ తర్వాత వాగు పొంగి లారీ ఆగిన రోజుల్లో కూడా పిల్లలు పూట తప్పకుండా తిన్నారు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా వానలకు ముందు కాలువ తీయడం నా పనుల్లో చేర్చుకున్నాను. ఆకు ఊరికే రాలి పడుతుంది, దాన్ని తీస్తే సరిపోతుంది. మనిషి పెట్టిన అడ్డం అలా కాదు. అది ఏదో అవసరానికి పెట్టిందే. ఆ అవసరానికి ముందు వేరే దారి చూపించి, తర్వాత తీయాలి. లేకపోతే మనం నిచ్చెన దిగిన వెంటనే అది మళ్లీ పైకెక్కుతుంది.