ఉప్పు లేని కోసంబరి

నా చిన్నప్పుడు తిరుపతిలో మా ఇంట్లో అందరికంటే ముందు నిద్ర లేచేది మా అవ్వ అనుమానమే. పాలలో నీళ్లు కలిశాయనీ, పూలు మూర తగ్గాయనీ, ఆమె దేన్నీ ఊరికే నమ్మేది కాదు. బయట వండిన వస్తువైతే గడప తొక్కడానికే వీల్లేదు. మా ఇంట్లో ఏది చేసినా ముందు దేవుడి గూట్లోని పెరుమాళ్ళకు ఆరగింపు కావాలి. అంతవరకు వండినవాళ్లు కూడా రుచి చూడకూడదు.

ఆ వేసవిలో మా చిన్నాయనకు పెళ్లయి, నగరి నుంచి చిన్నమ్మ కాపురానికి వచ్చింది. ఒకనాడు ఆరగింపుకు నానిన పెసరపప్పులో కీర దోసకాయ ముక్కలు కలిపి కోసంబరి చేసే పని తొలిసారి ఆమెకు అప్పగించి అవ్వ గుడికి వెళ్లింది. తిరిగొస్తుంటే, కొంగు కప్పిన గిన్నెతో చిన్నమ్మ వీధిలోంచి ఇంట్లోకి దూరడం కంటబడింది. మా వీధి చివర కొత్తగా పెట్టిన మెస్సులో కోసంబరి పొట్లాలు కట్టి అమ్మేవారు. గిన్నెలో ఏముందో కనబడక అవ్వ అప్పటికి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతేనే మాకు భయం.

మధ్యాహ్నం తాతయ్య ఆరగింపు పెట్టాక మేము ఆకుల ముందు కూర్చున్నాం. చిన్నమ్మ వడ్డించింది. కీర దోసకాయ ముక్కలు సన్నగా, అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. అవ్వ వంగి చూసింది.

"ఇది ఇంట్లో తరిగినట్టు ఉండాదా? యాడ కొన్నావు?"

"లేదత్తా, నేనే చేసినాను."

"మరి పొద్దున గిన్నెలో ఏం తెచ్చినావు?"

చిన్నమ్మ గబగబా పక్క ఆకు దగ్గరికి జరిగి వడ్డించసాగింది. కొన్నదాన్ని పెరుమాళ్ళ ముందర పెట్టిన మనిషి ఇక వంటింట్లో అడుగు పెట్టకూడదని అవ్వ తేల్చేసింది. మా ఇంట్లో కోడలికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. చిన్నాయన తల ఎత్తలేదు. నేను కూడా నా ఆకులోని కోసంబరిని వాసన చూశాను.

తాతయ్య మాత్రం ఒక పిడికెడు నోట్లో వేసుకుని, నమిలి నమిలి, పకపకా నవ్వాడు.

"ఇందులో ఉప్పు లేదే! అంగట్లో ఇట్లా అమ్మితే జనం వాని మొహాన కొట్టరా? రుచి చూడకుండా చేసి, ఉప్పు మరిచేది మన ఇంట్లోనే. పెరుమాళ్ళే ఏమీ అనకుండా ఆరగించినాడు, నీకేం వచ్చింది?"

చిన్నమ్మ నాలుక కరుచుకుంది. అప్పుడు గాని అసలు సంగతి బయటికి రాలేదు. వంటింట్లో పెసరపప్పు నిండుకుంది. కొట్టుగది తాళం తీద్దామంటే బీగంచెవి గుడికి వెళ్లిన అవ్వ నడుముకే ఉంది. అందుకని పక్కింటి అక్క దగ్గర గిన్నెలో పప్పు చేబదులుగా తెచ్చింది. ఇంత పెద్ద ఇంట్లో పప్పు లేదని అందరి ముందూ చెబితే అత్తకు నామోషీ అని నోరు మూసుకుంది.

అవ్వ లోపలికి వెళ్లి ఉప్పు తెచ్చి, తన చేత్తోనే గిన్నెలో చల్లి కలిపింది. మరునాటి నుంచి ఆ బీగంచెవి వంటింటి మేకుకు వేలాడింది.

ఇప్పుడు మా మనవరాలు సూపర్‌మార్కెట్ నుంచి కోల్‌స్లా డబ్బా తెస్తుంది. తెల్లటి గుజ్జులో క్యాబేజీ తురుము. దాన్ని అటూ ఇటూ తిప్పి అనుమానంగా చూస్తాను, అవ్వ పోలిక ఎక్కడికి పోతుంది! ఉప్పు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. మా కోడలు చేసే కోసంబరిలో మాత్రం అప్పుడప్పుడు తగ్గుతుంది. నేను ఒక్క మాటా అనను. లేచి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి, ముందు ఆమె ఆకులో చల్లుతాను.