సంతకం వచ్చినందుకు ప్లీడరు ఫీజు

మా ఆయన నాకు నేర్పిన చదువల్లా నా పేరు రాయడం ఒక్కటే. తిరువూరు, విస్సన్నపేట మధ్య షేర్ ఆటో తోలేవాడు. పొదుపు సంఘంలో నేను వేలిముద్ర వేయడం ఆయనకు నామోషీ. బేరాల్లేని మధ్యాహ్నాలు ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టి పలక మీద రాయించేవాడు. పేరు రాయడం వస్తే ఎవడూ నిన్ను మోసం చేయలేడనేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆయన్ని లారీ గుద్దింది. నేను ఇద్దత్‌లో ఉన్నాను. మొగుడు పోయిన ఆడది పరాయి మగాడి ఎదుట పడకుండా ఇంట్లో ఉండే రోజులవి. అప్పుడే ప్లీడరు గుమస్తా వచ్చి వసారాలో కూర్చుని, మా ఆడపడుచు చేత కాగితాలు సంతకానికి లోపలికి పంపాడు. నష్టపరిహారం కేసు వేస్తామని, ఖర్చంతా ప్లీడరు గారే పెట్టుకుంటారని, ఫీజు గెలిచాకేనని పరదా అవతల నుంచి చెప్పాడు. ఫీజెంతని మా ఆడపడుచు అడిగితే, ఇలాంటప్పుడు బేరాలేంటమ్మా అన్నాడు. సంతలో పావుకిలో వంకాయలకు కూడా కాటా చూడందే డబ్బివ్వను నేను. కానీ మొగుడి జనాజా లేచిన ఇంట్లో బేరమాడడానికి నోరెలా వస్తుంది? రాదని తెలిసే ఆ రోజుల్లో వస్తారు వాళ్లు.

కేసు గెలిచాం. డబ్బులో సగం నా ఖాతాలో పడుతుందని, మిగతా సగం కొన్నేళ్లు డిపాజిట్లో ఉంటుందని చెప్పారు. ఆ డిపాజిట్ మా అమ్మాయి నర్సింగు చదువుకని అప్పుడే అనుకున్నాను. ప్లీడరు ఆఫీసులో నాలాగే మొగుడు పోయి కేసు గెలిచిన ఎ.కొండూరు ఆవిడ ఉంది. ఆమెది వేలిముద్ర. వేలిముద్ర వాళ్లకు చెక్కుబుక్కు ఇవ్వరట. గుమస్తా ఆమెను చూసి మొహం చిట్లించి, నన్ను మాత్రం మెచ్చుకున్నాడు. నాకు చెక్కుబుక్కు ఇప్పించి, ఖాళీ చెక్కులన్నిటి మీదా సంతకాలు పెట్టించి తనే ఉంచుకున్నాడు. నేనూ గొప్పగానే పెట్టాను, అక్షరం అక్షరం కుదురుగా.

ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లి చూస్తే, పడిన డబ్బులో సగానికి పైగా లేదు. వేలిముద్రకు మనిషే రావాలి కాబట్టి కొండూరు ఆవిడను మాత్రం ప్లీడరు మనుషులే ఆటో ఎక్కించి కౌంటరు దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది. డబ్బు ఆమె చేతికే వచ్చింది. గట్టిగా పట్టుకుని అక్కడే బేరమాడిందట.

నేను తిన్నగా ప్లీడరు దగ్గరికి పోయాను.

"సార్, మీ ఫీజు ఇంతని కోర్టువారే తీర్పులో రాశారంట. అది ఇన్సూరెన్సు వాళ్లు కట్టేశారంట కదా."

"అది కాగితం మీద ఫీజమ్మా. ఇది మామూలు. మొత్తం మీద నూటికి ముప్పై. ఓడిపోతే నిన్ను అడిగేవాణ్ణా?"

"ముప్పై అని ముందు ఎవరు చెప్పారు?"

ఆయన ఫైలు తిరగేస్తూ, ఇంకా కొంచెం రావాలి, డిపాజిట్ చేతికొచ్చాక సర్దుకుంటాంలే అన్నాడు. సర్దుకునేది ఆయన. చెక్కులు ఆయన బీరువాలో ఉన్నాయి.

"నూటికి ముప్పై వంతు లారీ కింద కూడా పడ్డారా సార్?" అన్నాను.

నోరు అదుపులో పెట్టుకోమన్నాడు. అదుపులో పెట్టుకున్నందుకే ఇంత దూరం వచ్చింది.

అటు నుంచి అటే బ్యాంకుకు వెళ్లి, మేనేజరుతో సంతకం మర్చిపోయానని, ఇకనుంచి వేలిముద్రే వేస్తానని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చెక్కులు ఆపేస్తే చాలు, సంతకం ఉండనివ్వమ్మా, గౌరవం అన్నాడు. ఆ గౌరవం ఖరీదు నాకు తెలిసిందన్నాను. చెక్కులూ ఆపించాను, దరఖాస్తు మీద బొటనవేలూ వేశాను. మా ఆయన చూస్తే ఏమనేవాడో. ఏమన్నా సరే, ఆ రోజు మాత్రం సిగ్గుపడలేదు.

మొన్న డిపాజిట్ గడువు తీరింది. గుమస్తా మళ్లీ మా వసారాలోకొచ్చాడు. ఈసారి పరదా లేదు.

"చెక్కు చెల్లలేదమ్మా. ఒకసారి మీరే బ్యాంకుకు రావాలి. ప్లీడరు గారు ఆటో పంపిస్తానన్నారు."

"ఎందుకో, ఎంతో, కాగితం మీద రాసి పంపమను. మా అమ్మాయి చదివి చెప్పాక ఆలోచిస్తాను."

ఇంతవరకు కాగితం రాలేదు. మా అమ్మాయి ఫీజు కట్టేశాం, బ్యాంకు కౌంటరు దగ్గర నా వేలితోనే.