ముదగల్ రాతిలోని నీళ్లు

రాయచూరు కాలేజీలో అనంతయ్యది చిత్రమైన కొలువు. రాతిముక్కను అద్దం పలకకు అతికించి, అవతలి వెలుగు కనబడేంత పలుచగా అరగదీసి స్లైడు చేయాలి. వాటిని మైక్రోస్కోపు కింద చూసి చదువుకున్నవాళ్లకు పట్టాలొచ్చాయి, ఈయనకు గోళ్లు అరిగాయి. అయినా ముప్పై ఒక్కేళ్లలో ఒక్క స్లైడూ చెడలేదని ఆయనకు కొండంత గర్వం.

రిటైరవడానికి ఇక రెండు రోజులుందనగా, పరిశోధన చేస్తున్న స్ఫూర్తి ముదగల్ దగ్గరి గుట్ట రాయి తెచ్చింది. ఆ గుట్టంతా క్వారీలో కంకరైపోయింది. మిగిలింది ఆ ముక్కొక్కటే.

"ఈ రాయిల కంటికి ఆనని బుడగలున్నయి కాకా. రాయి పుట్టినప్పటి నీళ్లు, గ్యాసు అండ్లనే చిక్కుకున్నయి. నేల లోపల నీళ్లుంటేనే రాయి జల్ది కరిగి గిట్ల గ్రానైటు అయితది. నీళ్లు లేని గ్రహాల మీద పైపొరంత నల్లరాయే. వేడి తగిల్తే బుడగలు పగుల్తయి. సల్లటి జిగురుతోనే అతికియ్యాలె."

"గట్లనే బిడ్డా," అన్నాడు అనంతయ్య.

కానీ చేతికి బుద్ధి చెప్పేదెవరు? మర్నాడు మనసంతా వీడ్కోలు సభ మీదే ఉంది. ఎప్పటిలాగే రాయిని హీటరు మీద పెట్టి, పాత జిగురు కరిగేదాకా నిలబడ్డాడు. అతికించాక గుర్తొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏం లాభం? స్లైడు అందంగానే వచ్చింది. మైక్రోస్కోపులో మాత్రం ప్రతి బుడగ చుట్టూ వెంట్రుకంత పగుళ్లు. లోపల ఏమీ లేదు.

ఆ పగుళ్లు ఇప్పటివో, యుగాల కిందటివో స్ఫూర్తికి తెలిసే దారి లేదు. ఈ రాయి నీళ్లు లేకుండానే పుట్టిందని రాసుకుంటుంది. ఆమె పుస్తకంలో అబద్ధం కూర్చుంటుంది, అనంతయ్య పేరు చెక్కుచెదరదు. సిగ్గుచేటే గానీ, ఆయన నోరు మెదపకుండా స్లైడు ఆమె చేతిలో పెట్టాడు.

సభలో ప్రిన్సిపాల్ మహదేవప్ప శాలువా కప్పి, "అనంతయ్య చేతుల ఒక్క రాయి గూడ చెడలే!" అన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది స్ఫూర్తే.

అది ఆయన ఓర్చుకోలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"చెడింది సార్. నిన్ననే. ఈ బిడ్డ రాయిని నేనే కాల్చిన. దాన్ల నీళ్లు లేకుండెనని రాయకమ్మా. ఉండె. నా చేతుల పోయినయి."

చప్పట్లు ఆగిపోయాయి. స్ఫూర్తి సంచిలోంచి స్లైడు తీసి, పెన్నుతో సహా ఆయన ముందు పెట్టింది.

"గదే దీని మీద రాసియ్యి కాకా."

శాలువా భుజం మీంచి జారిపోతుంటే, అనంతయ్య వంగి "వేడి తగిలింది" అని రాసి, కింద తన పేరు పెట్టాడు.