పంతులమ్మ రెండు గంటల హాజరు

మన సందులో పుట్టిన మాటకు కాళ్ళు రావడానికి ఒక పూట చాలు. దాన్ని వెనక్కి లాక్కురావడానికి ఏడాది పడుతుంది. అందుకే ముందే చెప్పడం మంచిది: మేడమీది పంతులమ్మ చచ్చినవాళ్ళకు హాజరు వేస్తోందన్నది అబద్ధం. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు ఖాళీ గదిలో నిలబడి పేర్లు పిలిచిన మాట నిజం. పేరు పేరుకీ మధ్య, ఎవరో పలకాలన్నట్టు ఆగిన మాట నిజం. ఎదురుగా గోడవారన పదకొండు పీటలు వేసుకున్న మాటా నిజమే. చచ్చినవాళ్ళన్నది మాత్రం కుళాయి దగ్గర కలిపిన నీళ్ళు.

ఆ నీళ్ళు కలిపింది మేడకింద ఇస్త్రీ బండి పెట్టుకున్న వదినే. సందు మొత్తానికీ ఆవిడ వదిన. మామగారి వయసువాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. కళ్ళకు రెప్పలున్నాయి కాని ఆవిడ చెవులకు లేవు. ఎండకు సందంతా తలుపులు వేసుకుని పడుకున్న వేళ, బొగ్గుల పెట్టె మీద చెయ్యి వేసి, పైనుంచి వచ్చే గొంతు వింటూ నిలబడేది. పేరు. నిశ్శబ్దం. పేరు. నిశ్శబ్దం. ఒక్కోసారి ఆ నిశ్శబ్దంలోంచి "ఊఁ" అని మరొక గొంతు. మొదటిసారి అది విన్న రోజు వదిన ఒక పెళ్ళి చొక్కా వీపు కాల్చింది.

పంతులమ్మ సంగతి సందుకు తెలియనిది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే బళ్ళో మూడో తరగతి చెప్పింది. పట్టీ చూడకుండా యాభైమంది పేర్లు పిలిచేది. పక్కవాడి బదులు పలికితే గొంతును బట్టి పట్టుకునేది. వాన రేకుల మీద దరువేస్తున్నా చివరి బల్లకు వినిపించే గొంతు ఆవిడది. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగితే, "ఇంటికెళ్ళి యాభై ఒకటోవాణ్ణి ఎవరు సముదాయిస్తారు" అనేది. ఉద్యోగం దిగాక మిగిలింది ఒక గొడుగు, ఒక ఆయాసం. మెట్లెక్కేటప్పుడు మలుపులో రెండుసార్లు ఆగుతుంది.

కొండవ్వ ఆవిడ దగ్గరకు వచ్చి అప్పటికి మూడు నెలలు. కొండల నుంచి వచ్చింది కనక సందు పెట్టిన పేరు అది. అసలు పేరు ఎవరూ అడగలేదు. వాళ్ళది వేరే జాతి, వేరే భాష. ఆ భాష సర్కారుకు గిట్టదు, వాళ్ళు కొలిచే క్రీస్తూ గిట్టడు. ఒక ఆదివారం పొద్దున చేతిరాత పాటల పుస్తకం చూసి పాడుతుండగా లారీలు వచ్చి ప్రార్థన ఇంట్లోంచి పదకొండుమందిని ఎక్కించుకుపోయాయి. అందులో కొండవ్వ చిన్నకొడుకు ఒకడు. ఏడాది దాటినా కబురు లేదు. అర్జీలు రాసేవాళ్ళెవరని అడుగుతూ ఆవిడ ఊళ్ళోకి దిగితే, ఎవరో బడి చూపించారు. బడి కాపలావాడు పంతులమ్మ ఇల్లు చూపించాడు.

పంతులమ్మది ఆ జాతీ కాదు, ఆ మతమూ కాదు. అయినా ముసలమ్మను లోపలికి పిలిచి చాప వేసింది, పదకొండు పేర్లూ రాసుకుంది. జైలుకు ఏడు అర్జీలు పెట్టింది. ఏడూ తిరిగొచ్చాయి. ఏడింటి మీదా ఒకటే వాక్యం: ఈ పేర్లు గల ఖైదీలెవరూ ఇచట లేరు.

"చంపేశారేమోనమ్మా, చెప్పలేక అలా రాస్తున్నారేమో" అంది వదిన, మడతలు ఇవ్వడానికి మేడెక్కి.

"చస్తే చచ్చారని రాయడానికి వాళ్ళకు అచ్చేసిన కాగితం ఉందమ్మాయ్. అది రాలేదు" అంది పంతులమ్మ.

ఆ వారంలోనే జనాభా లెక్కలాయన వచ్చాడు. వదిన బండి పక్కన నీడలో కొండవ్వ కూర్చుని ఉంది.

"నీ పేరేంటవ్వా?"

కొండవ్వ పలకలేదు. వదిన ముఖంలోకి చూసింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆవిడ మళ్ళీ వదిననే చూసింది, అప్పు అడిగినట్టు.

"నన్ను చూస్తావేం, పిన్నీ? నీ పేరు నాకేం తెలుసు?"

"మూగదా?" అన్నాడాయన, కలం ఆడిస్తూ.

"మూగా? పొద్దున్నించి నా బుర్ర తినేసింది."

"మూగ అని రాసేస్తున్నా. నాకింకా నలభై ఇళ్ళున్నాయి."

మెట్ల మలుపులో ఆయాసం తీర్చుకుంటున్న పంతులమ్మ ఇదంతా వింది. ఆయన వెళ్ళాక దిగివచ్చి ముసలమ్మ ముందు చతికిలబడింది.

"మీవాళ్ళు సొంత పేరు చెప్పరా?"

"ఎట్టా చెప్తాం?" అంది కొండవ్వ, అదేదో సిగ్గుమాలిన ప్రశ్నయినట్టు. "ఎవరి పేరు వాళ్ళు చెప్పుకుంటే ఊపిరి బయటకు పోద్ది. పక్కోళ్ళు చెప్పాల. ఆఖరు రోజున దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు, అందాకా తొందరపడగూడదని మా పెద్దయ్య అంటాడు."

"మరి పక్కన ఎవరూ లేకపోతే?"

కొండవ్వ ఆవిడ ముఖంలోకి వింతగా చూసింది. అలాంటిది ఎప్పుడూ జరగలేదు మరి. వాళ్ళలో ఒంటరిగా ఎవర్నీ ఉంచరు.

మర్నాడు పంతులమ్మ జైలు కిటికీ దగ్గర పేర్ల గురించి అడగలేదు. "మీ దగ్గర మూగవాళ్ళున్నారా?" అని అడిగింది. గుమాస్తా నవ్వాడు. "ఒక వార్డు నిండా ఉన్నారు. మూగా చెవుడూ రెండూ. విడివిడిగా పెట్టి అడిగాం, కలిపి అడిగాం. గోడకేసి తిరిగి కూర్చుంటారు. వచ్చే శుక్రవారం దూరపు పిచ్చాసుపత్రికి పంపేస్తున్నాం. నంబర్లు వేసి." కలిపి అడిగేనాటికి వాళ్ళు ఒకరి పేరొకరు చెప్పకపోవడానికీ కారణం ఉంది: చెప్పినవాడు పక్కవాణ్ణి పట్టించినట్టే కదా.

పంతులమ్మ అక్కణ్ణించి నేరుగా ఒక లాయరు దగ్గరకు వెళ్ళింది. ఆయన ఒకే మాట చెప్పాడు. జైలరు ముందర, ఇద్దరు సాక్షుల ఎదుట, పేరు పిలిస్తే మనిషి పలకాలి, కనీసం ఇటు తిరగాలి. అప్పుడే ఆ పేరు రికార్డులో ఎక్కుతుంది, కోర్టు అర్జీ తీసుకుంటుంది. శుక్రవారం దాటితే ఏ నంబరు ఏ ఊరి ఆసుపత్రిలో పడిందో దేవుడికే తెలియాలి. కొండవ్వ జాతివాళ్ళను గేటు లోపలికి రానివ్వరు. కనక పిలవాల్సింది పంతులమ్మే.

అక్కడే వచ్చింది చిక్కు. వాళ్ళ పేర్లు ఒక్క మాట కాదు. తన పేరు, తల్లి పేరు, పుట్టిన వాగు పేరు, మూడూ ఒక్క ఊపిరిలో అనాలి. మధ్యలో ఊపిరి తెగితే అది సమాధి మీద పిలిచే పిలుపు. బతికున్నవాడు దానికి పలకడు. ఆయాసం మనిషికి అది ఎంత పనో చూడండి. రెండు గంటలప్పుడు మేడమీద జరిగింది ఆ సాధకమే. సరిగ్గా వస్తే మూల కూర్చున్న కొండవ్వ "ఊఁ" అనేది. తెగితే చెవులు మూసుకునేది. కొడుకు పేరు దగ్గర తెగిన రోజున ముసలమ్మ వాడి పీట మీద చెయ్యి వేసి మళ్ళీ పిలవమంది.

పిలిచే పంతులమ్మ ఒక సాక్షి, రెండో సాక్షిగా వదిన వెళ్ళింది. జాలితో కొంత, చూడకపోతే నిద్రపట్టదని ఎక్కువ.

"మూగవాళ్ళకు హాజరా? ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇది చూళ్ళేదు" అన్నాడు జైలరు, కుర్చీ వేయించుకుని.

వార్డు పొడుగ్గా, సగం చీకటిగా ఉంది. బయట మండే ఎండ, లోపల నూతిలో దిగినట్టు చల్లదనం. ఆ చివరిదాకా బూడిదరంగు చొక్కాల వీపులు, వరసగా, గోడకేసి. తాళం చప్పుడుకు ఒక్క భుజం కదలలేదు. అంతమంది మగవాళ్ళున్న గదిలో దగ్గు కూడా లేకపోవడం వదిన ఎన్నడూ ఎరగదు. పంతులమ్మ చెయ్యి పట్టుకోబోయి, మానేసి, సాక్షి కాగితం పట్టుకుంది. పేరుకు ఒక గీత పెట్టమని లాయరు చెప్పాడు.

పంతులమ్మ ఊపిరి పీల్చి మొదటి పేరు పిలిచింది.

గోడ దాన్ని తాగేసినట్టయింది. జైలరు నవ్వబోయాడు. అంతలో నాలుగో వీపు మెల్లగా తిరిగింది. గడ్డం, కళ్ళు. ఆ మనిషి చూపు పంతులమ్మ మీద లేదు. పిలిచిన గొంతు ఎక్కడిదా అని గాలిలో వెతుకుతోంది. వదిన గీత పెట్టింది. రెండో పేరు, మరో ముఖం. జైలరు కాలు మీద కాలు తీసేశాడు. ఏడో పేరు కొండవ్వ కొడుకుది. పంతులమ్మ గొంతులో ఈల మొదలైంది, వాగు పేరు దగ్గర మాట సన్నబడింది. వదిన తన ఊపిరి కూడా బిగబట్టింది. తెగలేదు. ఒక కుర్రవాడి ముఖం తిరిగింది, ముసలమ్మ ముక్కుతో.

పదకొండో గీత పెట్టి వదిన తల వంచి సంతకం మొదలుపెట్టింది. ఆవిడ సంతకానికి ఒక కూర ఉడుకుతుంది. తల ఎత్తేసరికి పంతులమ్మ ఇంకా వార్డు చివరకు చూస్తూనే ఉంది, జైలరు "సరేనమ్మా, పదండి" అంటున్నాడు.

పేర్లు రికార్డులో ఎక్కాయి. శుక్రవారం బండి నెలాఖరుకు వాయిదా పడింది. కొండవ్వ ఆ రాత్రి అన్నం తినకుండా పాడుతూ కూర్చుంది. ఇక పీటలు ఇచ్చేస్తారని సందు అనుకుంది.

సోమవారం రెండు గంటలకు మళ్ళీ పేర్లు. ఈసారి అవి ఆ పదకొండూ కావు. కొత్తవి, పదులకొద్దీ, ఒక్కోటి ఒక్కసారే. కొండవ్వ తమ కొండల్లో ఎరిగిన మగవాళ్ళ పేర్లన్నీ గుర్తుచేసుకుని అందిస్తోంది, పంతులమ్మ పిలిచి ఆగుతోంది. సందులో మాట మళ్ళీ లేచింది, ఈసారి శ్మశానమంతటికీ హాజరని. ఈసారి వదిన నోరు కట్టుకుంది, కాని ఆ చెవులతో ఎన్నాళ్ళు ఓర్చుకుంటుంది? నాలుగో రోజు పెట్టె దించి, బొగ్గుల మీద నీళ్ళు చల్లి, మేడెక్కి ఎదురుగా నిలబడింది.

"పంతులమ్మగారూ, ఉన్న పదకొండుమందీ పలికారు కదా. నేనే గీతలు పెట్టాను. ఇంకా ఎవర్ని పిలుస్తున్నారు?"

పంతులమ్మ ఆయాసం తీరేదాకా ఆగింది.

"నువ్వు సంతకం పెడుతున్నావు, చూడలేదు. ఆ చివర ఇంకొకడున్నాడమ్మాయ్. ఇటు తిరగలేదు, గోడవైపే కూర్చుని చెయ్యి పైకెత్తాడు. నేను బయటికొచ్చేదాకా దించలేదు. వాణ్ణి ఏమని పిలవాలో నాకు తెలీదు."