గంజి చీర అవతలి కొస

మా తోడికోడలంటే నాకు కుళ్లు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ కనిపెట్టనక్కర్లేదు.

మా ఇల్లు కొత్తపేటలో. కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకన్నీ వచ్చని చెప్పుకుని, ఆదివారం అన్నం వార్చిన గంజిని పల్చటి గుడ్డలో వడకట్టి, అందులో నా నూలు చీరలూ అత్తమ్మవీ నేనే ముంచేదాన్ని. పూర్తిగా ఆరకముందే డాబా మీద అత్తమ్మా నేనూ చెరో కొస పట్టుకుని లాగి మడత పెట్టేవాళ్లం. ఎల్బీ నగర్‌లో ఒక బడిలో తెలుగు చెబుతాను కదా, లాగుతూ మాటల పుట్టుక కూడా చెప్పేదాన్ని. తాగేదీ గంజే, చీరకు పెట్టేదీ గంజే. తమిళంలో అదే కంజి. చీరకు పెట్టేదాన్ని అత్తమ్మ కలప్ అంటుంది, అది ఉర్దూ నుంచి వచ్చింది. ఇంగ్లీషు వాళ్ల స్టార్చ్‌కు మూలం బిగుసుకోవడం. పుస్తకాల్లో పిండి పదార్థం అని రాస్తాం గానీ, పిండి పదార్థం పెట్టిన చీర కట్టుకున్నానని ఎవరైనా అంటారా?

"ముచ్చట్లు సాలుగని జర గట్టిగ గుంజు బిడ్డా," అని అత్తమ్మ నవ్వేది. వారమంతా నేను ఆ నవ్వు కోసమే చూసేదాన్ని.

మరిది పెళ్లయింది. గుంటూరు పిల్ల వచ్చింది. "మా ఇంట్లో సగ్గుబియ్యం గంజి పెడతామండీ అత్తయ్యగారూ," అంది. వెంటనే సగ్గుబియ్యం దిగింది. ఆ పిల్ల సరిగా వడకట్టక చీర నిండా తెల్లటి మచ్చలు పడ్డాయి. అయినా అవతలి కొస ఆమెకే దక్కింది. పైనుంచి వాళ్ల నవ్వులు వినిపిస్తుంటే, నేను కింద కూరకు కావలసిన దానికన్నా ఎక్కువ టమాటాలు తరిగాను.

మొన్న ఆ పిల్ల సరూర్‌నగర్‌లో చుట్టాలింటికి వెళ్లింది. "బిడ్డా, జర పైకొచ్చి చీర పట్టు," అని అత్తమ్మ పిలిచింది. పరుగున మెట్లెక్కాను. కొస పట్టుకుని బలంకొద్దీ లాగాక గమనించాను, అది తోడికోడలి చీర.

"రేపు దానికి ఇంటర్వ్యూ ఉన్నది. కలప్ పెట్టుడు దానికి రాదు, నేనే పెట్టిన," అంది అత్తమ్మ.

"నా చీరకు ఎన్నడన్న పెట్టినవా అత్తమ్మా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నీకేం బిడ్డా, నీకన్నీ వొస్తయి కద."

అంచులు కలిపి మడత పెట్టి, ఆమె చేతికిచ్చాను. నాకూ ఒకటి పెట్టు అని అడగడానికి మాత్రం నోరు రాలేదు.